గుండెకు ఆపరేషన్ అయిన పిల్లలు పెద్దయ్యాక మామూలుగానే ఉంటారా?

మీ బాబుకు రెండేళ్లప్పుడు గుండెలో రంధ్రం మూశారు, పెద్దయ్యాక మళ్ళీ ఏమైనా వస్తుందా అని అడిగారు. ఏ రంధ్రమో రాయలేదు. వీఎస్‌డీ (గుండె కింది గదుల మధ్య రంధ్రం) గానీ ఏఎస్‌డీ (పై గదుల మధ్య రంధ్రం) గానీ ఒక్కటే ఉండి, ఊపిరితిత్తుల్లో ప్రెషర్ పెరగకముందే మూసేసి ఉంటే చాలావరకు అందరిలాగే చదువుకుంటారు, ఆడతారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. నా బాధల్లా ఆ తర్వాతి చెకప్‌ల గురించే. మా అనంతపురం వైపు వాటిని ఎవరూ లెక్కచేయరు.

మా చెల్లెలిది టెట్రాలజీ ఆఫ్ ఫాలో, అంటే పుట్టుకతోనే గుండెలో రంధ్రంతో పాటు ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి కూడా ఇరుగ్గా ఉండే జబ్బు. వీధిలో కాస్త పరుగెత్తితే చాలు, పెదాలు నేరేడుపండు తిన్నట్టు అయిపోయేవి, ఉన్నచోటే గొంతుక్కూర్చునేది. అప్పటికి ఆరోగ్యశ్రీ లేదు, అది 2007లో కదా వచ్చింది. పుట్టపర్తిలో 1991లో మొదలైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో పైసా తీసుకోకుండా ఆపరేషన్ చేశారు. ఇంటికి తీసుకొస్తే మా అవ్వ దిష్టి తీసి, "బిడ్డకు బాగైపోయింది, ఇంక ఆసుపత్రి పేరెత్తద్దండి" అనేసింది. అవ్వ మాటకు మా ఇంట్లో ఎదురులేదు.

ఉద్యోగంలో చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం ఒక నర్సింగ్ హోమ్‌లో ఈసీజీ తీశారు. అక్కడి కుర్ర డాక్టర్ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఉందమ్మా" అన్నాడు. బ్లాకు అంటే మనకు తెలిసింది స్టెంటే కాబట్టి మా అమ్మ అక్కడే బెంచీ మీద కూలబడింది. నిజానికి టెట్రాలజీ ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి ఈసీజీ అట్లాగే వస్తుంది, గుండెలో కరెంటు వెళ్లే దారి ఆపరేషన్లో దెబ్బతింటుంది కాబట్టి. రక్తనాళాలు పూడుకుపోవడం వేరే సంగతి. చెల్లెలు చున్నీ జరిపి ఎదమీది కుట్ల గీత చూపిస్తే, "ముందే చెప్పొద్దా?" అని కసిరాడు. అడిగితే కదా!

అమ్మ బీరువాలోంచి పాత ఫైలు తీసింది. పొలం పాస్‌బుక్కు కింద, చీర కొన్నప్పటి ప్లాస్టిక్ కవర్లో, మడతల దగ్గర చిరిగి ఉంది. బెంగళూరులో పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు చూసే డాక్టరమ్మ దాన్ని తిరగేస్తూ ఒక్క లైను దగ్గర ఆగింది: ట్రాన్సాన్యులర్ ప్యాచ్. ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి మరీ ఇరుగ్గా ఉంటే వాల్వు మొదలు దగ్గర కోసి, ప్యాచ్ వేసి వెడల్పు చేస్తారు. బిడ్డ బతుకుతుంది, కానీ ఆ వాల్వు ఇక సరిగ్గా మూసుకోదు. రక్తం వెనక్కి లీకవుతూ గుండెలో కుడివైపు గది ఏళ్ల తరబడి సాగుతుంది, మనిషి మాత్రం బాగానే తిరుగుతుంటుంది. అది ఎవరి తప్పూ కాదు, ఆ ఆపరేషన్ తీరే అంత. ఎంఆర్ఐ తీసి గది ఎంత సాగిందో కొలిచి, తర్వాత వాల్వు మార్చారు. ఇప్పుడు స్కూల్లో రోజంతా నిలబడి పాఠాలు చెప్తోంది.

ఇంకో ఒళ్లుమంట ఏంటంటే, సంబంధాలు చూసేటప్పుడు మా మేనత్త "జాకెట్టు మెడ పైకి కుట్టించండి, గాటు కనపడకూడదు" అని ఒకటే పోరు. దాచి పెళ్లి చేస్తే ఆ పిల్ల అత్తగారింటి నుంచి గుండె స్కాన్ (ఈకో)కి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? కడుపుతో ఉన్నప్పుడు ఎవరికి చెప్పుకుంటుంది? మేం చెప్పే చేశాం. రెండు సంబంధాలు పోయాయి, పోతే పోయాయి.

మగపిల్లాడు కాబట్టి మీకు ఆ గోల తక్కువే. పన్ను పీకించేటప్పుడు మాత్రం గుండె ఆపరేషన్ సంగతి డెంటిస్టుకు తప్పకుండా చెప్పండి, కొందరికి ముందే యాంటీబయాటిక్ ఇవ్వాల్సి వస్తుంది. డిశ్చార్జ్ సమ్మరీలో ఆపరేషన్ పేరు ఏం రాశారో చూసి ఇక్కడ పెట్టండి. ఒట్టి వీఎస్‌డీ క్లోజర్ అయితే మీ టెన్షన్ సగం ఉత్తదే.