లూర్దు యాత్ర: ఏ విమానాశ్రయంలో దిగాలి?

ప్రశ్న: ఫిబ్రవరి 11న, మరియమాత పండగ రోజుకి, ఫ్రాన్స్‌లోని లూర్దు పుణ్యక్షేత్రంలో ఉండాలని మా అమ్మ కోరిక. ఆవిడకి 76 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. లూర్దు పక్కనే విమానాశ్రయం ఉందంటున్నారు. హైదరాబాద్ నుంచి అక్కడికే టికెట్ తీసుకోమంటారా?
– ఒక పాఠకురాలు, యానాం

జవాబు: ఉన్నమాట నిజమే. దాని పేరు తార్బ్–లూర్ద్–పిరెనే. లూర్దుకి సుమారు 10 కిలోమీటర్లు. టికెట్ల మీద ఎల్‌డీఈ అనే కోడ్‌తో కనిపిస్తుంది. కానీ మీ అమ్మగారికి మేం దాన్ని సూచించం, ముఖ్యంగా ఫిబ్రవరిలో.

ఆ విమానాశ్రయం యాత్రికుల మీద ఆధారపడి నడిచేది. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఇటలీ వంటి దేశాల నుంచి యాత్రా బృందాల ప్రత్యేక విమానాలు దిగుతూ ఉంటాయి. చలికాలంలో అవి ఆగిపోతాయి, మిగిలేవి కొద్దిపాటి రోజువారీ సర్వీసులే. పారిస్ నుంచి వచ్చే విమానం ఓర్లీ విమానాశ్రయంలో బయల్దేరుతుంది. మన దేశం నుంచి వెళ్లే విమానాలు దిగేది షార్ల్ ద గోల్‌లో. షార్ల్ ద గోల్ నగరానికి ఉత్తరాన, ఓర్లీ దక్షిణాన. సామాను తీసుకుని, ఆర్‌ఈఆర్ బి అనే లోకల్ రైల్లో నగరం మధ్యలోని షాత్లే స్టేషన్ దాకా వెళ్లి, అక్కడ 14వ నంబరు మెట్రో ఎక్కి ఓర్లీ చేరి, మళ్లీ చెకిన్ చేయించుకోవాలి. పైగా రెండూ వేరువేరు టికెట్లయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా డబ్బు తిరిగి రాదు. నడవలేని పెద్దావిడని ఇన్ని మెట్లెక్కించి దింపడం సరికాదు.

దగ్గర్లోని పెద్ద నగరం తూలూజ్ మీదుగా వెళ్లండి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం ఉంది, అక్కడి నుంచి తూలూజ్‌కి ఇంకోటి. రెండూ ఒకే టికెట్ మీద తీసుకోండి. అప్పుడు సామాను నేరుగా తూలూజ్‌లోనే వస్తుంది, ఒకటి తప్పిపోతే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత వాళ్లదే. విమానాశ్రయం నుంచి మతబియో రైల్వే స్టేషన్‌కి బస్సు గానీ టాక్సీ గానీ దొరుకుతుంది. అక్కడి నుంచి లూర్దుకి రైల్లో రెండు గంటల ప్రయాణం.

వీల్‌చైర్ సంగతి జాగ్రత్తగా చూసుకోండి. ఐరోపాలో ఈ సహాయం ఉచితం. అక్కడి చట్టం ప్రకారం దాన్ని అందించాల్సింది విమానాశ్రయమే. కానీ కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్స్‌కి చెప్పి ఉండాలి. చెప్పకుండా వెళ్తే సాయం చేయరని కాదు, సిబ్బంది ఖాళీ అయ్యేదాకా కూర్చోవాల్సి వస్తుంది, ఈలోగా రెండో విమానం తప్పిపోతుంది. మెట్లెక్కగలరా, సీటు దాకా నడవగలరా అని అడుగుతారు. మొహమాటపడి 'నడుస్తారండీ' అనకండి. ఆ జవాబును బట్టే విమానం దగ్గర లిఫ్టు బండి పెట్టాలా వద్దా అన్నది తేలుతుంది.

అమ్మగారిది భారత పాస్‌పోర్టు అనుకుని వీసా గురించి చెబుతున్నాం. మీ ఊళ్లో కొన్ని కుటుంబాలకి ఉన్నట్టు ఫ్రెంచి పాస్‌పోర్టు అయితే ఈ పేరాతో పని లేదు. ముందు దిగేది జర్మనీలో అయినా, ఎక్కువ రోజులుండేది ఫ్రాన్స్‌లో కాబట్టి ఫ్రాన్స్ వీసాకే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చేయాలి. ఆ గడువు దాకా ఆగకండి. ఫొటో 35 × 45 మిల్లీమీటర్లు, ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి. తిరుగు ప్రయాణం తేదీ తర్వాత పాస్‌పోర్టుకి ఇంకా మూడు నెలల గడువుండాలి. ఇమిగ్రేషన్ తనిఖీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే జరుగుతుంది కాబట్టి హోటల్ కాగితాలు, బీమా పత్రం చేతి సంచిలో పెట్టుకోండి.

ఇంకొక్క మాట. ఫిబ్రవరిలో పిరెనే కొండల పక్కన చలి బాగా ఉంటుంది, లూర్దులో చాలా హోటళ్లు చలికాలం మూసేస్తారు. రోజూ రాత్రి జరిగే కొవ్వొత్తుల ఊరేగింపు కూడా ఏప్రిల్–అక్టోబర్ మధ్యే. పండగ రోజే అన్న పట్టింపు లేకపోతే మే లేదా సెప్టెంబర్ నెల అమ్మగారి ఒంటికి మంచిది.

ప్రశ్న: అదే తార్బ్ విమానాశ్రయం ఫొటోల్లో ఏ380 లాంటి భారీ విమానాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. యాత్రికుల ఊళ్లో అవెందుకున్నాయి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, మండపేట

జవాబు: అవి ప్రయాణికుల కోసం వచ్చినవి కావు. 2007లో మొదలైన తార్మాక్ ఏరోసేవ్ అనే సంస్థ అక్కడ విమానాలను నిలవ ఉంచుతుంది, మరమ్మతు చేస్తుంది, పనికిరానివాటిని విప్పేస్తుంది. అక్కడి రన్‌వే 3,000 మీటర్లు. మన మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) రన్‌వేని పొడిగించాక 3,165 మీటర్లయింది కాబట్టి ఆ పొడవెంతో మీకు తెలుసు. ఏ380 సునాయాసంగా దిగుతుంది.

నిలవ ఉంచడమంటే తాళం వేసి వెళ్లిపోవడం కాదు. ఇంజిన్ల నోళ్లకి మూతలు బిగిస్తారు. గాలి వేగం కొలిచే పిటో గొట్టాలు మూస్తారు, లేకపోతే పురుగులు గూళ్లు పెడతాయి, తర్వాత ఎగిరినప్పుడు వేగం తప్పుగా చూపిస్తుంది. బరువంతా ఒకేచోట పడి టైర్లు చదును కాకుండా అప్పుడప్పుడు చక్రాలను తిప్పుతారు. తేమ పీల్చే సంచులు లోపల పెడతారు. విప్పేటప్పుడైతే ముందు ఇంధనం, నూనెలు ఖాళీ చేసి, ఇంజిన్లు, చక్రాల వ్యవస్థ, ఎలక్ట్రానిక్ పెట్టెలు జాగ్రత్తగా ఊడదీస్తారు. అసలు విలువ వాటిదే. మిగిలిన ఒంటిని కోసి అల్యూమినియం, టైటానియం వేరుచేస్తారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ మొదట్లో నడిపిన ఏ380ల్లో రెండింటిని ఇక్కడే విప్పారు.

విమానాల పని ఆ ఊరికి కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే మొరాన్–సోల్నియే కంపెనీ అక్కడ తయారీ పెట్టింది. 1966లో అది సొకాటా అయింది, ఇప్పుడు దాహెర్ కంపెనీ చేతిలో ఉంది. 1988 జులై 14న మొదటిసారి ఎగిరిన టీబీఎం 700 అనే చిన్న విమానం అక్కడిదే. చలికాలంలో యాత్రికులు తగ్గినా విమానాశ్రయంలో పని ఆగకపోవడానికి కారణం ఈ కర్మాగారాలే.

ప్రశ్న: తూలూజ్‌లో చదువుతున్న మా అబ్బాయికి ఆవకాయ, చికెన్ పచ్చడి, ఎండుకొబ్బరి పట్టుకెళ్లొచ్చా? తిరిగొచ్చేటప్పుడు లూర్దు నీళ్లు (అక్కడి పవిత్ర జలం) తేవచ్చా?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: ఆవకాయ పట్టుకెళ్లొచ్చు, కానీ చెకిన్ సామానులోనే. నూనె ఉంటుంది కాబట్టి చేతి సంచిలో పెడితే తీసేస్తారు. చికెన్ పచ్చడి వద్దు. ఐరోపాకి బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం నిషేధం, నెయ్యి డబ్బా కూడా అందులోకే వస్తుంది. చేపలకి ఆ నిషేధం లేదు. ఎండుకొబ్బరి అసలు విమానం ఎక్కనివ్వరు. నూనె ఎక్కువుండి తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో అది ఉంది, స్కానర్‌లో కనబడితే పెట్టె తెరిపిస్తారు. పచ్చి మామిడికాయలకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కొబ్బరికాయలకీ అరటిపళ్లకీ అక్కర్లేదు.

నీళ్లు తెచ్చుకోవచ్చు. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన సీసా ఉండకూడదు కాబట్టి అవీ చెకిన్‌లోకే. మాత ఆకారంలో నీలి కిరీటం మూతతో అమ్మే సీసాలు ఖాళీగా తెచ్చుకుని ఇంటి దగ్గర నింపుకోండి, ఆ మూతలు కారతాయి. మరమూత బిగుతుగా పట్టే మామూలు ప్లాస్టిక్ సీసాలో నింపి, కాస్త నొక్కి గాలి పోనిచ్చి మూత బిగించండి. పైన గాలి ఒత్తిడి తగ్గినప్పుడు లోపలి గాలి వ్యాకోచించడానికి చోటుండాలి. మూత చుట్టూ టేపు, పైన రెండు పాలిథిన్ సంచులు. లీటరంటే కిలో బరువని గుర్తుంచుకోండి. హైదరాబాద్–రాజమండ్రి టికెట్ విడిగా తీసుకుంటే సాధారణంగా చెకిన్ సామాను 15 కిలోలే.