కడపలో ఉండి సొంత పాటలతో బతకొచ్చా?

బతకొచ్చు, కానీ ఇల్లు గడిచేది ఎక్కువగా స్టేజీ ప్రోగ్రాములు, సంగీతం క్లాసులతోనే. యూట్యూబ్ వ్యూస్ ఒక్కటే నమ్ముకుంటే కష్టం. అక్కడ యాడ్ల డబ్బు మొదలవ్వాలంటేనే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్‌టైమ్ ఉండాలి (షార్ట్స్‌కు లెక్క వేరు). అంటే అయిదు నిమిషాల పాటను 48,000 సార్లు చివరిదాకా వినాలి. వచ్చిన యాడ్ ఆదాయంలోనూ మామూలు వీడియోలకు మన వాటా 55 శాతమే. అదే ప్రొద్దుటూరు దసరాకో, ఊళ్లో తిరునాళ్లకో పాడితే ముందే అడ్వాన్సు, మైకుసెట్టు విప్పేలోపు మిగతాది.

చాలామంది పొరబడేది కవర్ సాంగ్స్ దగ్గర. సినిమా పాటను మనమే పాడినా బాణీ, సాహిత్యం మనవి కావు. హక్కుదారులు క్లెయిమ్ వేస్తే యాడ్ల డబ్బు వాళ్లకే పోవచ్చు. సొంతంగా రాసి బాణీ కట్టుకున్నవాళ్లు, పాటల రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ అయిన ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులైతే రాయల్టీకి దారి ఉంటుంది.