అణువా, పరమాణువా?

సందేహం: ఒక సైన్సు వ్యాసాన్ని తెలుగు చేస్తూ 'అణు ఆధారిత చలన, భ్రమణ సెన్సార్లలో లేజర్ దృశాశాస్త్ర సరళీకరణ' అని శీర్షిక పెట్టాను. 'అణు' తప్పు, 'పరమాణు' అనాలని మిత్రుడన్నాడు. అణుబాంబు అంటున్నాం కదా! ఏది ఒప్పు?

సమాధానం: మీ మిత్రుడి మాటే ఒప్పు. అణుబాంబు వాడుకలో పాతుకుపోయింది, దాన్నిప్పుడు కదపలేం. కానీ సైన్సు పుస్తకాల్లో నీటి అణువు ఒకటైతే అందులో పరమాణువులు మూడు. ఇలాంటి సెన్సార్లకు దారి వేసిన ప్రయోగం చూడండి: 1991లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్తలు మార్క్ కాసెవిచ్, స్టీవెన్ చూ లేజర్ మెరుపులతో రెండు దారుల్లో నడిపి మళ్లీ కలిపినవి సోడియం పరమాణువులు. ఇప్పటి పరికరాల్లో ఎక్కువగా రుబీడియం అనే లోహపు పరమాణువులను వాడతారు. వీటిని 'అణు సెన్సార్లు' అంటే చదివేవారి మనసు రియాక్టర్ మీదికి పోతుంది.

'అణు' అంటే సంస్కృతంలో సన్నని, సూక్ష్మమైన అనే విశేషణం. అణిమ అందులోంచి పుట్టిందే. ఇంతకన్నా చిన్నది లేదు అనాల్సి వచ్చినప్పుడు ముందు 'పరమ' చేరింది. భాగవతం తృతీయ స్కంధంలో, పోతనగారు స్వయంగా తెలుగు చేసిన స్కంధమే అది, కాలాన్ని కొలిచే ఘట్టం ఉంది. ఆ లెక్క పరమాణువుతోనే మొదలవుతుంది. రెండు పరమాణువులు ఒక అణువు, మూడు అణువులు ఒక త్రసరేణువు. అంటే మన సైన్సు పుస్తకాలు పాటించే చిన్నాపెద్దా వరస అక్కడే ఉంది. త్రసరేణువు అంటే కదలాడే ధూళి. అది కంటికి కనబడేది కిటికీ సందుల్లోంచి పడే ఎండలో. పొద్దున గదిలోకి వాలుగా దిగిన ఎండపొడలో తేలుతూ పైకి లేచే నలుసును చూడండి, అదే. ఆ వెలుగును మూలం 'జాలార్కరశ్మి' అంటుంది. జాలం అంటే కిటికీ అల్లిక. ఎంత చక్కటి మాట!

మీ వ్యాసానికీ ఈ మాటకూ చుట్టరికం ఉంది. పరమాణువులను చల్లబరిచి ఒకచోట నిలపడానికి మామూలుగా ఆరు వైపుల నుంచి ఆరు లేజర్ కిరణాలు కావాలి. ప్రతిదానికీ అద్దాలు, ప్రతిదాన్నీ గురి చూసి బిగించడం. అలా కాకుండా సన్నని గీతలు చెక్కిన గ్రేటింగ్ మీదికి ఒకే కిరణాన్ని పంపితే, దాని మీద విడివడి వెనక్కి వచ్చే కిరణాలే మిగతా వైపుల పని చేస్తాయి. ఆ గ్రేటింగ్‌ను 'జాలకం' అనాలని నా కోరిక. అయితే 'స్ఫటిక జాలకం' ఇప్పటికే వేరే అర్థంలో, స్ఫటికంలో పరమాణువుల అమరికకు, స్థిరపడింది కాబట్టి పట్టుబట్టను. గ్రేటింగ్ అనే రాసి, మొదటిసారి వచ్చినచోట జాలకం అని పక్కన చెబితే నాకు సంతోషం.

భ్రమణం సరైనదే, పరిభ్రమణం మరొకదాని చుట్టూ తిరగడం. సెన్సార్ ఉండనివ్వండి.

'దృశాశాస్త్రం' (ఆప్టిక్స్) మాత్రం తీసెయ్యండి. అక్కడ తేలికవుతున్నది శాస్త్రం కాదు, అద్దాలూ కటకాల అమరిక. 'సరళీకరణ' అనగానే ఆర్థిక విధానాలు గుర్తొస్తాయి. క్రియ అన్నదే లేకుండా నామవాచకాలను రైలుపెట్టెల్లా తగిలించే ఈ అలవాటు మన శీర్షికలకు ఎందుకు పట్టుకుందో! తెలుగువాడు అలా మాట్లాడడు. 'కదలికను, భ్రమణాన్ని పసిగట్టే పరమాణు సెన్సార్లు: లేజర్ అమరిక ఇక తేలిక' అని పెట్టి చూడండి. 'భ్రమణాన్ని' బదులు 'తిరుగుడును' అన్నా నాకు అభ్యంతరం లేదు.