లండన్–న్యూయార్క్ టికెట్టులో గంటలు లెక్కగట్టడం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

లండన్ విమానాశ్రయం హీత్రో నుంచి న్యూయార్క్ విమానాశ్రయం జేఎఫ్‌కేకి పోయేటప్పుడు 3 గంటలు, తిరిగొచ్చేటప్పుడు 12 గంటలు అని లెక్కగట్టావు. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే నాయనా. లండన్ గడియారం న్యూయార్క్ కంటే 5 గంటలు ముందుంటుంది. ఉదయం 11కి ఎక్కి మధ్యాహ్నం 2కి దిగితే, ఆ 3కి 5 కలుపు: 8 గంటలు. తిరుగుదారిలో సాయంత్రం 7కి ఎక్కి మర్నాడు ఉదయం 7కి దిగితే, 12లోంచి 5 తీసెయ్: 7 గంటలు. టైము పక్కన +1 అని ఉంటే మర్నాటి తేదీ అని. హోటలు బుక్ చేసేటప్పుడు చాలామంది పొరబడేది అక్కడే.

మన దేశంలో గడియారం తిప్పే అలవాటు లేదు కాబట్టి ఇంకో సంగతి మనకు తట్టదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, బ్రిటన్‌లో ఆఖరి ఆదివారం. ఆ మధ్య రోజుల్లో తేడా 4 గంటలే. మళ్లీ వెనక్కి జరిపేది బ్రిటన్‌లో అక్టోబరు ఆఖరి ఆదివారం, అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం; ఆ మధ్య కూడా అంతే.

దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. గోడ మీది పటం చూసి దారి ఊహించుకోకు. గ్లోబు తీసుకుని దారం ఒక కొస లండన్ మీద, ఇంకో కొస న్యూయార్క్ మీద అదిమిపట్టి బిగించు. దారం ఐర్లండ్ మీదుగా పోయి, న్యూఫౌండ్లాండ్ మీదుగా కిందికి దిగుతుంది. అదే దగ్గరి దారి. సీటు ముందు తెర మీద విమానం ఉత్తరానికి వంగి కనిపిస్తే కంగారుపడకు.

దూరం ఒకటే అయినా గంటలు మారేది గాలి వల్ల. అట్లాంటిక్ పైన ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. గాలి లేకపోతే గంటకు 900 కిలోమీటర్ల వేగంతో 6 గంటల 10 నిమిషాలు పడుతుంది. ఎదురుగాలి గంటకు 100 కిలోమీటర్లు ఉంటే 6 గంటల 55 నిమిషాలు, అదే గాలి వెనకనుంచి తోస్తే 5 గంటల 32 నిమిషాలు. చలికాలంలో ఆ గాలి ఇంకా బలంగా ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి ఊపుకి ఒక 747 విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 5 గంటల లోపే చేరింది. టికెట్టులో రాసేది మాత్రం గేటు నుంచి గేటుకి పట్టే సమయం. రన్‌వే దాకా పాక్కుంటూ పోవడం, వరసలో ఆగడం అంతా అందులోనే.

జేఎఫ్‌కేలో దిగి ఇంకో ఊరికి పోవాలంటే కనీసం 3 గంటలు ఉంచుకో. ఇమిగ్రేషన్, తర్వాత పెట్టె తీసుకోవడం, కస్టమ్స్, మళ్లీ పెట్టె అప్పగించడం, సెక్యూరిటీ అన్నీ అక్కడే. పెట్టెకి ఆఖరి ఊరి ట్యాగ్ వేసినా సరే, జేఎఫ్‌కేలో నువ్వే తీసుకుని అప్పగించాలి. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద కొను. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే, తర్వాతి విమానంలో చోటు చూసే బాధ్యత విమాన సంస్థదవుతుంది.

ఇట్లు,
మీ మామయ్య