రెండు గడుల దూరంల కాయ నిలపొద్దు

"పదో తరగతి చదివే మా పాపకు సరళ ఘటనకూ సంయుక్త ఘటనకూ తేడా ఎక్కడం లేదు, ఎట్ల చెప్పాలి?" అని అడిగిండ్రు. ముందు ఆ పేకముక్కల లెక్కలు పక్కన పడేయండి. పేక ముట్టుకుంటే వీపు చింతపండయ్యే ఇండ్లల్ల పెరిగినోళ్లకు ఇస్పేటు ఏదో, కళావరు ఏదో ఎట్ల తెలుస్తది? మా క్లాసుల సగం మంది, 52 ముక్కల్లో రాజులెందరో బట్టీ పట్టి రాసినోళ్లే. ఆ లెక్కలు తయారుచేసినాయన ఎవరో గానీ, పక్కాగా రోజూ క్లబ్బుకు పోయేటోడే.

నాకు ఈ సంగతి తలకెక్కింది అష్టాచెమ్మాల. మాది దేవరకొండ దిక్కు ఊరు. ఎండకాలం సెలవులు, వేపచెట్టు కింద బండ మీద బొగ్గుతో గీసిన 25 గడులు, నాలుగు గవ్వలు, ఎదురుంగ నానమ్మ. అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం, సంభావ్యత పాఠం అయిపోయిందన్న పొగరు మీదున్న. నా కాయను ఆమె కాయకు సరిగ్గ రెండు గడుల ముందు నిలిపిన. ఒకటి, రెండు, మూడు, చెమ్మ (నాలుగు), అష్ట (ఎనిమిది). పడేవి ఐదే గదా, రెండు పడే అవకాశం ఐదింట్ల ఒకటి అని నా లెక్క. నానమ్మ గవ్వలు ఇసిరింది. రెండు. నా కాయ చచ్చింది. ఇంకోసారీ అంతే. మూడో కాయ కూడ పోయినంక ఆమెకే జాలేసింది. "ఎనిమిది గడుల దూరంల నిలుపు బిడ్డా, అష్ట అంత జల్ది రాదు" అన్నది.

రాత్రి నోట్‌బుక్ తీసి రాసి చూసిన. ఒక్కో గవ్వ వెల్లకిలన్న పడాలె, బోర్లన్న పడాలె. నాలుగింటికి కలిపి 16 తీర్లు. నాలుగూ బోర్ల పడితే అష్ట. అది ఒక్కటే తీరు, ఇంక విడదీసేదేం లేదు, సరళ ఘటన. "రెండు" అట్ల కాదు. ఏ రెండు గవ్వలు వెల్లకిల పడ్డయన్నదాన్ని బట్టి దాని కడుపుల 6 తీర్లున్నయి, సంయుక్త ఘటన. 16ల 6 ఎక్కడ, 16ల 1 ఎక్కడ! నోటితోని చెప్పేటప్పుడు మాత్రం రెండూ ఒక్కో మాటే, మోసమంతా అక్కడుంది.

గవ్వ నాణెం లెక్క రెండు దిక్కులా సమానంగ పడదని ఎవరో ఒకరు కామెంట్ పెడ్తరు. నిజమే, చింతగింజలు బండకు రుద్ది ఆడినా పడవు. నేను మూడు కాయలు పోగొట్టుకున్నోణ్ని, నాకు చెప్పకండి.

పాప ఇట్లనే తప్పు చేస్తే తిట్టకండి కూడ. ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ అంతటోడు 1754ల, నాణెం రెండుసార్లు ఎగరేస్తే ఒక్కసారన్న బొమ్మ పడే అవకాశం 2/3 అని రాసిండు. మొదటిసారే బొమ్మ పడితే ఆట ఐపోయినట్టే అని, దాన్ని ఒక్క ఫలితం కింద లెక్కేసిండు. దాంట్ల బొమ్మ-బొమ్మ, బొమ్మ-బొరుసు అని రెండున్నయి, సరైన జవాబు 3/4.

నాలుగు గవ్వలు కొనుక్కొచ్చి ఒక్కోదానికి ఒక్కో రంగు నెయిల్ పాలిష్ పూయండి. ఎరుపు-పచ్చ, ఎరుపు-నీలం అని పాపే ఆరు జతలు ఏరుతది. మా నానమ్మకు ఆ 16 తీర్ల కాగితం మురిసిపోయి చూపిస్తే, "గవన్ని నాకెందుకు, ముందు నీ కాయ జరుపు" అన్నది.