చిమ్నీలో లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరగడం లేదు. మోటారు మార్చాల్సిందేనా?

మీరు రాసినదాన్ని బట్టి లైటు బాగానే వెలుగుతోంది, స్పీడ్ బటన్ నొక్కితే "ఊఁ..." అని సన్నగా శబ్దం వస్తోంది, ఫ్యాన్ మాత్రం కదలడం లేదు. చూడ్డానికి వచ్చినతను మోటారు పోయింది, 4,500 అవుతుందన్నాడు. డబ్బు ఇచ్చే ముందు ఒక్క రోజు ఆగండి. రెండేళ్ళ కిందట మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది, 90 రూపాయలతో తేలిపోయింది.

మాది హైదరాబాద్ నిజాంపేటలో అపార్ట్‌మెంట్. చిమ్నీ కొని అప్పటికి ఆరేళ్ళు. భోగికి ముందు రోజు అరిసెలు వేస్తుంటే ఆగిపోయింది. ఇల్లంతా నూనె పొగ, మా అత్తగారికి ఒకటే దగ్గు. పండగ పూట బతిమాలితే ఒకతను వచ్చాడు. పై కవర్ విప్పనేలేదు, రెండుసార్లు బటన్ నొక్కి చూసి "మోటారు కాలిపోయింది మేడమ్" అనేసి, వచ్చినందుకు 350 పట్టుకెళ్ళాడు.

ఆ రాత్రి ఊళ్ళో ఉన్న మా బాబాయికి ఫోన్ చేశాను. ఆయన జన్మలో చిమ్నీ వాడలేదు గానీ, పొలంలో సింగిల్ ఫేజ్ బోరు మోటారుతో ముప్పై ఏళ్ళ కాపురం. "మూలుగుతోందా, అసలు పలకడమే లేదా?" అని అడిగాడు. మూలుగుతోందన్నాను. "అయితే ముందు కండెన్సర్ చూడవే" అన్నాడు.

సంగతేంటంటే, ఇంటి కరెంటు సింగిల్ ఫేజ్. దాంతో ఇలాంటి మోటారు తనంతట తాను తిరగడం మొదలుపెట్టలేదు. లోపల రెండో తీగచుట్టకి కెపాసిటర్ (బాబాయి అన్న కండెన్సర్ ఇదే) ద్వారా కరెంటు వెళితేనే తొలి తోపు దొరుకుతుంది. కెపాసిటర్ బలహీనపడితే మోటారుకి కరెంటు అందుతూనే ఉంటుంది, అందుకే ఆ మూలుగు. సీలింగ్ ఫ్యాన్ చేత్తో తోస్తేనే తిరగడం మీరూ చూసే ఉంటారు, ఇదీ ఆ జబ్బే. కాకపోతే అలా మూలుగుతుండగా వదిలేయకండి. తిరగని మోటారు వేడెక్కి, అప్పుడు నిజంగానే కాలిపోతుంది. బటన్ నొక్కి విన్నారా, వెంటనే ఆపేయండి.

మర్నాడు పొద్దున్నే ప్లగ్ పీకేసి ఫిల్టర్లు దించాను. పప్పుగుత్తి కాడ లోపలికి పెట్టి బ్లోయర్ చక్రాన్ని నెట్టి చూశాను. ఇది ముఖ్యం. చక్రం తేలిగ్గా తిరిగితే అనుమానం కెపాసిటర్ మీద. బిగుసుకుపోయి ఉంటే జిడ్డు గడ్డకట్టిందనో, బేరింగ్ పట్టేసిందనో అర్థం, అప్పుడు కొత్త కెపాసిటర్ వేసినా మూలుగు పోదు. మాది తిరిగింది గానీ, బంకలో తిరిగినట్టు తిరిగింది. రేకుల మీద జిడ్డు తేనె రంగులో పేరుకుపోయి ఉంది, గోటితో గీకితే మైనంలా ఊడొచ్చింది.

మోటారు పక్కనే తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, రెండు వైర్లు. అదే కెపాసిటర్. ప్లగ్ పీకినా దాంట్లో కాసేపు చార్జ్ మిగిలి ఉంటుంది, నేరుగా ముట్టుకోవద్దు. మా ఎదురింటి ఎలక్ట్రీషియన్ పాత గుండు బల్బు హోల్డర్ వైర్లు దానికి ఆనించి చార్జ్ తీసేశాడు. ఈ ఒక్క పని మీకు అలవాటు లేకపోతే తెలిసినవాళ్ళ చేత చేయించండి, ఇందులో మొహమాటం వద్దు. డబ్బా మీద 4 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్, అంటే కెపాసిటర్ సామర్థ్యం కొలత), 440 వోల్టులు అని ఉంది. అతని మీటర్‌లో పెడితే చూపించింది 1.3. ఇంక వేరే సాక్ష్యం ఎందుకు?

పండగ అయ్యాక కోఠి ట్రూప్ బజార్‌లో కొత్త కెపాసిటర్ కొన్నాం. పాతది చేత్తో పట్టుకెళ్ళి అదే నంబరు అడగండి. "ఫ్యాన్ కండెన్సర్" అని నోటితో అడిగితే సీలింగ్ ఫ్యాన్‌ది, 2.5ది, చేతిలో పెడతారు. వైర్లు ఊడదీసే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి.

ఎలాగూ విప్పాం కదా అని చక్రం కూడా కడిగాం. దాని నట్ దగ్గర మా ఆయన అరగంట కుస్తీ పట్టారు. చాలా చిమ్నీల్లో అది మామూలు నట్‌కి ఎదురు, కుడివైపు తిప్పితేనే ఊడుతుంది. ఆ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆయన వేలు చెక్కుకుపోయేది కాదు. చక్రాన్ని వేడినీళ్ళు, వంటసోడా, గిన్నెల సబ్బుతో నానబెడితే చాలు. కాస్టిక్ జోలికి పోకండి, అల్యూమినియం అయితే తినేస్తుంది.

ఇక చిమ్నీ కాసేపు నడిచి ఆగిపోయి, చల్లారాక మళ్ళీ తిరుగుతుంటే అది వేరే కథ. మోటారులో ఉండే థర్మల్ కటాఫ్ వేడికి ఆపేస్తోందన్నమాట. జిడ్డు ఫిల్టర్లు, మూసుకుపోయిన పైపు చూడండి. మా పై ఫ్లాట్ వాళ్ళ పైపు మూతిలో పావురం గూడు పెట్టింది. అసలు శబ్దమే లేకపోతే ముందు సాకెట్‌లో ఇంకోటి పెట్టి చూడండి. సాకెట్ బాగుండి, లైటూ వెలుగుతుంటే అనుమానం స్విచ్ ప్యానెల్, దాని కనెక్టర్లు, లోపలి బోర్డు మీదికి పోవాలి. అది మన చేతిలో పని కాదు.

మీది మూలుగుతోంది కాబట్టి ముందు చక్రం నెట్టి చూడండి, తర్వాత కెపాసిటర్. రెండూ సరిగ్గా ఉండి కూడా తిరగకపోతే అతను చెప్పింది నిజమే కావచ్చు. అప్పుడు కూడా బిల్లు వెతకండి, చాలా కంపెనీలు మోటారుకి విడిగా ఎక్కువ ఏళ్ళ వారంటీ ఇస్తాయి. చక్రం ఎలా తిరుగుతోందో, డబ్బా మీద ఏ నంబరు ఉందో ఇక్కడ రాయండి, మా ఎదురింటాయన్ని అడిగి చెబుతాను.