ఫాసిజం ఎలా పుట్టింది? ఇటలీ నియంత ముస్సోలినీ బలవంతంగా అధికారం లాక్కున్నాడా?

పూర్తిగా అలా కాదు. చాలావరకు పెద్దమనుషులే పిలిచి పీట వేశారు.

ఇటాలియన్‌లో ‘ఫాషో’ అంటే కట్ట, జట్టు; ఫాసిజం అన్న పేరు అందులోంచే వచ్చింది. మొదట్లో సోషలిస్టు పత్రిక సంపాదకుడైన ముస్సోలినీ, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ దిగాలని వాదించి 1914లో పార్టీ నుంచి బహిష్కరణకు గురయ్యాడు. 1919 మార్చి 23న మిలాన్‌లో మాజీ సైనికులు, జాతీయవాదులతో కొత్త సంఘం పెట్టాడు. ఆ ఏడాది ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు!

మరి ఎలా లేచాడు? 1920లో కార్మికులు ఫ్యాక్టరీలను ఆక్రమించారు, పో లోయలో వ్యవసాయ కూలీల సమ్మెలు ముదిరాయి. భూస్వాములకు టెన్షన్ పట్టుకుంది. ముస్సోలినీ అనుచరులైన నల్లచొక్కాల ముఠాలకు డబ్బిచ్చారు. ఆ ముఠాలు కార్మిక సంఘాల ఆఫీసులు తగలబెట్టి, నాయకులను చావగొడుతుంటే పోలీసులు చాలాచోట్ల చూస్తూ ఊరుకున్నారు. 1921లో అప్పటి ప్రధాని జొలిత్తి ఫాసిస్టులను తన ఎన్నికల కూటమిలో చేర్చుకున్నాడు, వాళ్లకు 35 సీట్లు వచ్చాయి. అదుపులో పెట్టగలననుకున్నాడు పాపం.

1922 అక్టోబరులో అధికారం కోసం ఫాసిస్టులు రాజధాని మీదికి కదిలారు, అదే ‘రోమ్‌పై దండయాత్ర’. సైన్యం తలచుకుంటే ఆపగలిగేదే. కానీ రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ అత్యవసర పరిస్థితి ఉత్తర్వుపై సంతకం చేయలేదు, ముస్సోలినీనే ప్రధానిగా పిలిచాడు. దండయాత్ర నాయకుడేమో మిలాన్ నుంచి రాత్రి రైలెక్కి దర్జాగా వచ్చాడు.